మూత పడని పౌచ్

పౌచ్ మూత పడటం లేదు. తెల్లారితే ఇన్‌స్పెక్షన్.

ఎజ్రా మార్కాపురం బయట ఒక పలకల యార్డులో రాత్రి వాచ్‌మన్. అతన్ని ఆ పనిలో పెట్టింది ఒక సెక్యూరిటీ ఏజెన్సీ. ఏడాదికోసారి వాళ్ల సూపర్‌వైజర్ వచ్చి టోపీ, విజిల్, బూట్లు, బెల్టు, ఆ బెల్టుకు తగిలించిన టార్చి పౌచ్ చూసిపోతాడు. అన్నీ సరిగ్గా ఉంటే ఇంకో ఏడాది పని. లేకపోతే ఇంటికే. పోయిన నెల పొదిలిలో కాటమరాజు అనే వాచ్‌మన్‌ను అట్లాగే పంపించారు. అతని పౌచ్ మూత తెరుచుకుని వేలాడుతుండగా సూపర్‌వైజర్ కంట పడింది. మధ్యాహ్నానికల్లా అదే బెల్టు ఇంకొకడి నడుముకు ఉంది. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా!

ఈ పని పోతే ఎజ్రా, అతని భార్య ఎలీషబా మళ్లీ మూటాముల్లె సర్దుకుని మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోవాలి. ఆరేళ్లు పోయొచ్చారు. ఇక ఆమె నడుము వంగదు. ఎజ్రాకు నిజంగానే భయంగా ఉంది.

ఆ మూత చర్రుమని ఊడి మళ్లీ అంటుకునే వెల్క్రో రకం. యార్డులో పలకపొడి ముక్కులోకి పోతుంది, అన్నంలోకి పోతుంది, వెల్క్రోలోకి మాత్రం ఎందుకు పోదు? పోయి పోయి అంటుకునే గుణమే చచ్చింది. దానికి తోడు, పోయిన వానల్లో పలకల కుప్ప పక్కన ఎజ్రా రక్తపింజర మీద కాలేశాడు. ఆసుపత్రిలో హడావుడిగా బెల్టు లాగేస్తుంటే మూతకున్న పట్టీ సగం ఊడొచ్చింది. పది రోజులు మంచంలో ఉండి వచ్చేసరికి ఏజెన్సీ కాగితం ఒకటి ఎదురుచూస్తోంది. 'డ్యూటీలో చూసి నడవవలెను' అని ఉంది అందులో. ఎజ్రా సంతకం పెట్టి ఇచ్చాడు.

ఎలీషబా పాత బ్రష్షుతో ఆ పట్టీని రుద్దింది. సూదితో పొడి గీకింది. లాభం లేక పిన్నీసు పెడతానంది. వద్దన్నాడు. ఏజెన్సీ ఇచ్చినవి తప్ప సొంత వస్తువేదీ ఒంటి మీద కనపడకూడదని రూలు. పిన్నీసు కూడా సొంత వస్తువే.

బస్టాండు దగ్గర బ్యాగులు కుట్టే నిత్యానందానికి పనిమీద ఎంత ప్రేమో, మనుషుల మీద అంత విసుగు. పౌచ్‌ను అటూ ఇటూ తిప్పి, కొత్తది కొనుక్కోక ఇదేం పీడ అన్నాడు. ఏజెన్సీ పేరు అచ్చు వేసిన పౌచే ఉండాలని ఎజ్రా చెప్పాడు. పోనీ ప్రెస్ బటన్ కొడతా, నువ్వు పోయినా అది పోదన్నాడు నిత్యానందం. ఏజెన్సీ రూల్సు కాగితం మీది ఫొటోలో వెల్క్రో ఉంది, వెల్క్రోనే కావాలన్నాడు ఎజ్రా.

"సరే, టార్చి ఇటియ్యి. లోపల పెట్టి చూస్తేనే మూత ఏడికొస్తదో తెలిసేది."

"తేలేదన్నా," అన్నాడు ఎజ్రా.

"ఎంత పొడుగుంటది?"

"మూడు సెల్లులదంట."

కాళ్లు ఇంట్లో పెట్టి చెప్పులు కుట్టమన్నట్టుందని నిత్యానందం సణిగాడు. సణుగుతూనే ఎదురు బండి మీద మొక్కజొన్న కంకి ఒకటి అడిగి తెచ్చి పౌచ్‌లో దూర్చాడు. పాత స్కూలు బ్యాగు నుంచి వెల్క్రో ఊడదీసి, కంకి కొలతకు మూత సర్ది, రెండు వరసలు కుట్టాడు.

ఎలీషబా ఎన్నిసార్లు చేసినా ఎజ్రా ఫోన్ కలవలేదు. చివరికి పక్క దుకాణం నంబరుకు చేసి అయిందా అని అడిగింది. ఫోనేమైందని నిత్యానందం అడిగితే, తెల్లారేసరికి చార్జింగ్ అయిపోతుంది, ఇవాళ కంగారులో పెట్టడం మరిచిపోయానన్నాడు ఎజ్రా. డ్యూటీలో రాత్రంతా సినిమాలు చూస్తే అయిపోక ఏమవుతుందని నిత్యానందం క్లాసు పీకాడు. ఎజ్రా తల ఊపాడు.

కుట్టు అయ్యాక నిత్యానందం బెల్టు పెట్టుకుని ఎగరమన్నాడు. నలభై ఏడేళ్ల మనిషి బస్టాండులో కంకి నడుముకు కట్టుకుని మూడుసార్లు ఎగిరాడు. గిద్దలూరు బస్సు కిటికీల్లోంచి జనం చూశారు. మూత కదల్లేదు.

"ఇంక నీ పని ఏడికీ పోదులే తమ్ముడా," అన్నాడు నిత్యానందం. తన కంకి తను తీసుకున్నాడు.

మర్నాడు పదిన్నరకు సూపర్‌వైజర్ సతీష్ బైకు దిగాడు. కుర్రవాడే, ఇస్త్రీ మడత నలగలేదు. ఎలీషబా గేటు బయట నిలబడి ప్రార్థన చేసుకుంటోంది.

టోపీ చూశాడు. విజిల్ ఊదించాడు. బూట్ల అడుగు చూశాడు. తర్వాత వంగి పౌచ్ మూత పట్టుకుని లాగాడు. చర్రుమంది. మూశాడు. మళ్లీ లాగాడు. చర్రుమంది. బెల్టు పట్టుకుని గట్టిగా ఊపి చూశాడు.

"వెరీ గుడ్. ఎవరు కుట్టినారు?"

బస్టాండు దగ్గర నిత్యానందమని చెప్పాడు. మిగతా యార్డుల వాళ్లనూ అక్కడికే పంపిస్తానన్నాడు సతీష్. మూత దగ్గరగా కనపడేట్టు ఫొటో తీసుకున్నాడు. ఇంకో ఏడాదికి కాగితం మీద ఎజ్రా చేత సంతకం పెట్టించాడు. గేటు బయట ఎలీషబాకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుంది.

సతీష్ ఫారంలో టోపీకి, విజిల్‌కు, బూట్లకు, బెల్టుకు, పౌచ్‌కు వరసగా టిక్కులు పెట్టి, ఆఖరున టార్చిలైటు అన్న గడిలో గడిచిన నాలుగేళ్లు రాసినట్టే 'ఇంకా ఇవ్వలేదు' అని రాసుకుని బైకెక్కాడు.