చెరగని బొట్టు

ఫ్యాక్టరీ మురుగు గురించి పోస్టు పెట్టాడని పోలీసులు పట్టుకెళ్లిన సువర్చల భర్త మూడో రోజున శవమై ఇంటికొచ్చాడు. "అక్కా, మా ఆయన్ని చంపేశారు" అని ఆమె మెసేజ్ కొట్టింది. పంపేముందు ఫోను ఎప్పటిలాగే దాన్ని దిద్దేసింది: "అక్కా, మా ఆయన ఊరెళ్లారు."

"ఎప్పుడొస్తార్ట?" అని జవాబొచ్చింది.

మాటల్నయితే మారుస్తారు, మొహాన్నేం చేస్తారు? సువర్చల తడి కొంగుతో బొట్టు చెరిపేసుకుంది. వీడియో కాల్ చేసి, నోరు విప్పకుండా నుదురు తెరకి దగ్గరగా పెట్టింది.

అవతల అక్క హైమ బెండకాయలు తరుగుతోంది. తలెత్తి చూసి నవ్వింది.

"కొత్త స్టిక్కరా? ఎంత నిండుగా ఉందే! పొద్దున్నే ఆ నవ్వేంటి, మరిదిగారు వచ్చేశారా?"

సువర్చల నుదురు తడుముకుంది. వేళ్లకి తడి తప్ప ఏమీ తగల్లేదు.