రేణిగుంట విహారం

గుంతకల్లులో రైలింజను డ్రైవరుకు మూడు రోజుల సెలవు దొరకడం చరిత్రలో నమోదు కావలసిన ఘట్టం. కాబట్టి ఫ్రీ పాసు దరఖాస్తు ముందు పెట్టుకొని, మా విహారయాత్రను నా భార్య సువార్తకు గంభీరంగా ప్రకటించినాను.

"మదనపల్లెలో దిగి, హార్సిలీ కొండకు పోదాం. ఆడ పట్టాల్లేవు, కూత వినపడదు. రెండు రాత్రులు పీనుగు మాదిరి నిద్రపోతా."

"కొండ వద్దప్పా. బెంగళూరులో ఒక రాత్రి, రేణిగుంటలో ఒక రాత్రి ఉందాం."

"రేణిగుంటలో జనాలు రైలు మారతారంతే! విహారానికి ఎవరన్నా పోతారా?"

సువార్త నవ్వలేదు. "డ్యూటీ దిగి నువ్వు పండుకునే రన్నింగ్ రూములు ఆ రెండూర్లలోనే కదా?"

"అవును. ఇనుప మంచాలు, దోమలు. ఇంటోళ్లను లోపలికి రానియ్యరు."

"బయట నుంచే చూస్తాలే. పెండ్లయి ఐదేండ్లాయె. మెలకువ వచ్చినప్పుడల్లా, ఈ మనిషి యాడ పండుకోనుండాడో అనుకుంటా తెల్లారేదాకా మేలుకోనుంటా. ఆ జాగా ఎట్లుంటాదో ఒకసారి చూస్తే, నాకూ నిద్ర పడతాదేమో."

దరఖాస్తులో బెంగళూరు, రేణిగుంట అని రాసినాను. ఈ ఇంట్లో నిద్రకు మొగం వాచింది నేనొక్కడినే అని ఐదేండ్లుగా స్టేషనంతా చెప్పుకుంటాంటిని.