వద్దన్న ఫీజు

"అయిదొందలా!" ఎల్లాజీ నోరెళ్ళబెట్టాడు. "బాబూ, అంత డబ్బు నానెప్పుడూ కంటితో సూడ్నేదు."

"అది నా తప్పు కాదుగా," అన్నాడు డాక్టరు వేంకటాచలం.

విజయనగరంలోనే కాదు, అటు బొబ్బిలి, రాజాం దాకా వెతికినా, ప్రైవేటుగా కడుపు కోసి పేగు సరిచేయగల సర్జన్ ఆయనొక్కడే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆయన ఫీజుకీ తెలుసు.

లోపల బల్ల మీద ఎల్లాజీ భార్య కూర్మమ్మ మెలికలు తిరిగిపోతోంది. గజపతినగరం అవతలి పల్లె నుంచి ఎడ్లబండిలో గడ్డి పరిచి, పడుకోబెట్టి తీసుకొచ్చారు. కడుపు కుండలా ఉబ్బింది. పేగు మెలిపడిందని, కోయకపోతే మనిషి సాయంత్రం దాకా దక్కదని డాక్టరు చూస్తూనే తేల్చేశాడు. విశాఖపట్నం తీసుకెళ్ళే వ్యవధి కూడా లేదన్నాడు.

"సగానికి సెయ్యండి బాబూ. గంటసేపు పనికి అయిదొందలేటండి? నాను ఏడాదంతా దున్నినా అంత మిగల్దు."

డాక్టరుకి చిర్రెత్తుకొచ్చింది.

"ఆ గంట పని నేర్చుకోవడానికి సగం వయసు అయిపోయిందయ్యా నాకు! మద్రాసులో చదివాను, ఓడెక్కి సీమకెళ్ళి చదివాను. మా నాన్న ఉన్న పొలమంతా తెగనమ్మాడు. మత్తుమందిచ్చే డాక్టరు విశాఖపట్నం నుంచి కారులో వచ్చి కూర్చున్నాడు, ఆయనకి ఎవరివ్వాలి? ఈ నర్సులకి, ఈ మేడకి ఎవరివ్వాలి? రేపు నీ భార్యకి ఏదైనా అయితే మీ ఊరంతా వచ్చి నా చొక్కా పట్టుకుంటారు. దానికెంత వేసుకోమంటావు?"

ఎల్లాజీ బయట నిలబెట్టిన బండి వైపు చూశాడు.

"ఎడ్లు అమ్మీస్తాను బాబూ. వరి ఉబాలు, నాట్లు ఎలాగో అలాగ ఎవులి ఎడ్లతోనో కానిచ్చుకుంటాను. రెండ్రోజులు గడువియ్యండి."

"నేనిస్తానయ్యా గడువు. ఆమె ఇవ్వొద్దూ?"

ఎల్లాజీ గుమ్మంలోనే కూలబడి తల బాదుకున్నాడు. "నా కూర్మి నేకపోతే నాను బతకను బాబూ. పిల్లలు ఇంకా అన్నం కలుపుకోడం నేర్నేదు." వరండాలో గోడకానుకుని కూర్చున్న అతని తల్లి చిన్నతల్లి కనపడ్డ దేవుళ్ళందరికీ మొక్కుతోంది.

అంతలో నర్సు బాలసరస్వతి పరుగున వచ్చింది. "నాడి బలహీనపడుతోంది సార్!"

డాక్టరు లోపలికి వెళ్ళాడు. వెనకే ఎల్లాజీ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరు నాడి పట్టుకున్నాడు. కడుపు నొక్కి చూశాడు. కూర్మమ్మకి అరిచే ఓపిక కూడా లేదు. ఆయన కోటు అంచు పట్టుకుని "బతికించీయండి బాబూ" అని మాత్రం అనగలిగింది. డాక్టరు ఆ ముఖంలోకి చూశాడు. కఠినంగా ఉందామనుకున్నాడు గానీ గుండె ఒప్పుకోలేదు. బయటికొచ్చి ఎల్లాజీ భుజం మీద చెయ్యి వేశాడు.

"డబ్బు వద్దు ఎల్లాజీ."

"ఏటి బాబూ?"

"ఒక్క పైసా వద్దు. డబ్బు సంగతి మర్చిపో. ఎడ్లు కూడా అమ్మకు."

ఎల్లాజీ ముఖం పాలిపోయింది. ఆయన కాళ్ళ మీద పడి గొల్లుమన్నాడు. చిన్నతల్లి గుండెలు బాదుకుంటూ శోకాలు పెట్టింది. ఆ సంతోషం చూసి డాక్టరుకి కూడా కళ్ళు చెమర్చాయి. ప్రాక్టీసు పెట్టాక ఆయన ఆ మాట అనడం అదే మొదలు. ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఇదివరకే అని ఉండేవాణ్ణి కదా అనుకుంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది.

"ఎత్తుకుపోయారు సార్!" బాలసరస్వతి ఏడుస్తోంది. "మేమంతా అడ్డం పడ్డా ఆగలేదు. పిల్లల్ని ఒకసారి చూసుకోనీండమ్మా అంటూ బండెక్కించేశారు."

డాక్టరు నెత్తిన ఆపరేషన్ టోపీతో, తడి చేతులతో అలాగే వీధిలోకి పరుగెత్తాడు. బండి అప్పటికే మలుపు తిరగబోతోంది. దాన్ని దాటి వెళ్ళి ఎడ్లకి అడ్డంగా నిలబడ్డాడు.

"మతి పోయిందా నీకు? దింపు ఆమెని!"

"ఒగ్గీయండి బాబూ. తవరేటి సేస్తారు? ఇంటికాడే పోనీండి."

"ఆపరేషన్ చేస్తానంటున్నాను కదా! ఉచితంగా చేస్తాను!"

బండిలో చిన్నతల్లి గొల్లుమంది.

"మందులు కూడా నేనే ఇస్తాను! నాకేం ఇవ్వక్కర్లేదు!"

చిన్నతల్లి ఏడుపు రెట్టింపయింది. ఎల్లాజీ కళ్ళు తుడుచుకుని ఎడ్లని అదిలించాడు. బండి పక్కకి తప్పుకుని కదిలింది. గడ్డి మీద కూర్మమ్మ తల అటూ ఇటూ ఊగుతోంది. ఇంకో గంట పోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. జాలీ మర్యాదా రెండూ ఎగిరిపోయాయి.

"ఒరేయ్, ఆగరా! మత్తు డాక్టరు కారు ఖర్చు నీ బాబిస్తాడా? నా అయిదు వందలూ ఇక్కడ పెట్టి కదులు! ఒక్క రూపాయి తగ్గినా ఊరుకోను!"

ఎల్లాజీ పగ్గాలు లాగాడు. బండి ఆగింది.

"డబ్బులు... తీసుకుంటారా బాబూ?" అన్నాడు.

"తీసుకోక? నీ ఎడ్లు అమ్మించయినా తీసుకుంటాను!"

ఎల్లాజీ ఒక్క గెంతులో కిందికి దూకి ఎడ్లని ఆసుపత్రి వైపు తిప్పేశాడు.

"ఒసే కూర్మీ, ఇన్నావేటే! బాబు డబ్బులడుగుతన్నారే! పోయే మనిసి కాడ ఏ వైద్దుడూ పైసా ముట్టడు... నువ్వు బతుకుతావే!"