గేటు దగ్గర అవ్వ

బడి వదిలే వేళకి ఆ అవ్వ గేటు దగ్గరికి వచ్చేస్తుంది.

కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతుంది. కొండవతలి ఆడపిల్లలు ముగ్గురూ బయటికి రాగానే చేతుల్లో వేయించిన మొక్కజొన్న గింజలు పోసి, వాళ్ళ వెనకే నడుస్తుంది.

అది చూసి బడి సైకాలజిస్ట్ ఎడెలినాకు ఒళ్ళు మండింది.

చర్చిలో జ్ఞానస్నానం నాడు రెండో తల్లిగా నిలబడి జ్ఞానతల్లినవుతానని ముద్దు చేసి, ఆడపిల్లల్ని రాజధాని లిమాలో అంట్లు తోమడానికి తీసుకుపోయేవాళ్ళు ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు తననూ అలాగే తీసుకుపోయారు. నాన్న వెతికి తెచ్చుకున్నాడు కాబట్టి సరిపోయింది. పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారని ఎవరడిగినా ఆమె మొదట చెప్పే కారణం అదే.

"వీళ్ళలో నీ మనవరాలు ఎవరు?"

"ఎవరూ కాదమ్మా."

"మరి వీళ్ళతో నీకేం పని?"

"ఒక్కదాన్నే ఉంటాను. పిల్లలుంటే బాగుంటుంది."

అప్పట్లో తన జ్ఞానతల్లీ సరిగ్గా ఈ మాటే అంది. ఇంకోసారి కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తానంది ఎడెలినా.

అవ్వ శాలువా కప్పుకుని కొండ వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

వారం తిరక్కుండా ముగ్గురు పిల్లలూ బడికి రావడం మానేశారు.

ముసల్ది ఎత్తుకుపోయిందేమోనని ఎడెలినా ఆదరాబాదరా కొండెక్కింది. వాళ్ళలో పెద్దదైన మరిబెల్ ఇంటి ముందే కనిపించింది. మంచుకు గడ్డకట్టిన బంగాళాదుంపల్ని ఎండబెట్టే ముందు నీరు పోయేలా కాళ్ళతో తొక్కుతోంది.

ఎడెలినాకు ప్రాణం లేచివచ్చింది. బడి ఎవరు మాన్పించారని అడిగింది.

"ఎవరూ కాదు టీచర్. దారిలో కుక్కలు మీద పడుతున్నాయి."

"ఇన్నాళ్ళూ లేవా?"

"ఉన్నాయి. పొద్దున్నా సాయంత్రమూ అవ్వ వడిసెల పట్టుకుని మా వెంట వచ్చేది."

ఎడెలినాకు సిగ్గేసింది. అవ్వ ఇల్లెక్కడని అడిగింది.

మరిబెల్ పైకి చూపించింది. ఆ వాలు మీద ఉన్నది ఒకటే ఇల్లు. పొయ్యి పొగ లేదు, తలుపుకి తాళం. పోలీసులంటే భయపడి, గొర్రెల్ని మరిబెల్ వాళ్ళమ్మకు అప్పగించి ఎటో వెళ్ళిపోయిందట.

"రోజూ మీకోసం అంత దూరం ఎందుకు వచ్చేది?" ఎడెలినా అడిగింది.

"అవ్వ కూతుర్ని ఆ గేటు దగ్గరే ఎవరో జ్ఞానతల్లి లిమా తీసుకుపోయిందట టీచర్. అప్పుడు తను అక్కడ లేదని, మాకోసం నిలబడేది."