తప్పు కట్టిన అవ్వ

“పాప వీపు మీద వాత ఎవరు పెట్టినారు?”

బాలల సంరక్షణ అధికారి రంగనాయకులు పుష్పావతిని మళ్ళీ అడిగాడు.

ఆరేళ్ళ శోభన గోడ పక్కన నిలబడి ఉంది. గౌను వెనక గుండీలు ఊడదీసినవి ఇంకా పెట్టలేదు. వెన్నెముక పక్కన వేలి పొడవున మాని నల్లబడ్డ మచ్చ. ఆ ఉదయం బడికి వచ్చిన డాక్టరమ్మ చూసి ఫోను చేసేదాకా, మూకండపల్లిలోని ఆ ఇంట్లో ఎవరికీ ఆ మచ్చ సంగతి తెలియదు. మధ్యాహ్నానికల్లా కృష్ణగిరి నుంచి జీపు వచ్చి వాకిట్లో ఆగింది. వెనకే పిల్లల హోం వాళ్ళ కారు.

“నెల నుంచి బిడ్డ మీ దగ్గరే ఉంది. ఒక్కనాడన్నా వీపు రుద్దలేదా?”

“లేదు సార్. ట్రైనింగులో వద్దన్నారు.”

దత్తత కోరిన వాళ్ళకు హోంలో పెట్టిన ఆ శిక్షణకు పుష్పావతి, ఆమె మొగుడు చంద్రు ఒక్క తరగతి కూడా మానలేదు. చంద్రు ఫ్యాక్టరీలో షిఫ్టు మార్చుకుని మరీ వచ్చేవాడు. బిడ్డ తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఒంటి మీద చెయ్యి వెయ్యొద్దని, స్నానం తననే చేసుకోనివ్వమని, పాఠం చెప్పిన కలైసెల్వి గట్టిగా చెప్పింది. పుష్పావతి ఆ మాట జవదాటలేదు. తువ్వాలు పట్టుకుని తలుపు బయటే నిలబడేది.

ఆ కలైసెల్వే ఇప్పుడు శోభన భుజం మీద చెయ్యి వేసుకుని ఉంది.

“బిడ్డకు మర్యాద ఇమ్మన్నానమ్మా. కండ్లు మూసుకోమన్నానా?” అంది మెత్తగా. పంపిన రోజు బిడ్డ ఒంటి మీద చిన్న గీత కూడా లేదని, తానే చూసి పంపానని అధికారితో చెప్పింది.

శోభనను అడిగి చూశారు. నేల మీది నుంచి చూపు ఎత్తలేదు. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల నోరు విప్పిందే తక్కువ.

అధికారి చూపు పుష్పావతి అత్త మునిలక్ష్మమ్మ మీదికి తిరిగింది. సూళగిరి పక్క పల్లెలో గొర్రెలు కాసిన మనిషి. జబ్బు చేసిన గొర్రెకు కమ్మీ కాల్చి వాత పెట్టడం వచ్చా అని అడిగాడు. వచ్చని ఆమె దాచకుండా చెప్పింది. బిడ్డకు పెట్టావా అంటే లేదంది.

“గొర్రెకు అలవాటైన చెయ్యి ఊరికే ఉంటుందా,” అంది పక్కింటి మారక్క గడప బయటి నుంచి, తనలో తాను అనుకున్నట్టు.

ఎవరో ఒకరు నిజం ఒప్పుకుంటే ఆలోచిస్తానని, లేకుంటే బిడ్డను తీసుకుపోవడమేనని చెప్పి రంగనాయకులు ఫోను మోగుతుంటే వాకిట్లోకి వెళ్ళాడు.

పుష్పావతి అత్తను వంటగదిలోకి లాక్కుపోయింది.

“అత్తా, నువ్వే పెట్టినావని చెప్పు.”

“నేను పెట్టలేదు పుష్పా.”

“నాకు తెలుసు. అయినా చెప్పు. బిడ్డ పోతే నేను బతకను.”

ముసలమ్మ కోడలి ముఖంలోకి చూసింది. వాళ్ళ కులంలో తగవు తెగకపోతే ఇంటి పెద్ద లేచి తప్పు తనదేనంటుంది. పంచాయితీ ‘తప్పు’ అని జరిమానా వేస్తుంది. అది కట్టేస్తే ఆ మాట అక్కడితో సమాధి. నిజంగా చేసిందెవరని మళ్ళీ ఎవరూ అడగరు.

“తప్పు ఎంత వేస్తారో ఏమో. పొట్టేలు ఉంది గదా, అమ్మి కట్టేద్దాం,” అంది మునిలక్ష్మమ్మ.

కొంగు సర్దుకుని వచ్చి అధికారి ముందు నిలబడింది. “నేనే పెట్టినానప్పా. బిడ్డ నిద్రలో దడుచుకుంటా ఉంటే పెట్టినాను. తప్పే. ఏం వేస్తారో వెయ్యండి.”

రంగనాయకులు ఆ మాటలన్నీ సెల్లులో రికార్డు చేసుకున్నాడు. తరువాత జీపులో ఉన్న మహిళా కానిస్టేబుల్‌ని పిలిచాడు.

చంద్రు అడ్డం పోయాడు. తల్లే అతన్ని పక్కకు నెట్టింది. “ఊరుకోరా. ఇంతటితో అయిపోయె.” జీపు ఎక్కుతూ కూడా పొట్టేలుకు నీళ్ళు పెట్టమని చెప్పింది.

“ఇంక బిడ్డ మాతోనే ఉంటుంది గదా సార్?” అంది పుష్పావతి.

రంగనాయకులు ఆమెను వింతగా చూశాడు. “కాల్చిన మనిషి ఉండే ఇంట్లో బిడ్డను వదిలి పోతామా? ఆలోచిస్తానన్నది మీ ఇద్దరి మీద కేసు సంగతమ్మా. మీకు ఈ బిడ్డే కాదు, ఇంకే బిడ్డా రాదు.”

జీపు వెళ్ళిపోయింది. కలైసెల్వి శోభనను కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, తాను ముందు ఎక్కింది. పుష్పావతి పిల్ల చెప్పులు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“యాడికి?” అంది శోభన.

“మన హోంకే కన్నా. ఇంక ఎప్పటికీ నా దగ్గరే,” అంది కలైసెల్వి వెనక్కి తిరగకుండానే.

పిల్ల కిటికీలోంచి చెయ్యి చాపి పుష్పావతి కొంగు గట్టిగా పట్టుకుంది. అద్దం మెల్లగా పైకి లేస్తోంది. కారు కదులుతోంది. ఈ నెల రోజుల్లో ఆ పిల్ల అమ్మా అనడం అదే మొదలు.

“అమ్మా, అవ్వ కాదమ్మా! పక్క తడిపినానని కమ్మీ కాల్చి నాకు వాత పెట్టింది కలై అక్క!”