గాలికి నిలిచే గొడుగు

“ఇదీ ఒద్దే గుంటా. ఊచలు పలచన. గాలొస్తే తిరగబడిపోద్ది,” అంది యర్రమ్మ, గొడుగు మూసి బల్ల మీద పడేస్తూ.

బతు బస్తీ బజారులోని ఆ గొడుగుల దుకాణదారు, పక్కనే నిలబడ్డ నూకరత్నం వైపు దీనంగా చూశాడు. గొడుగు కొనేది ఆ అమ్మాయి. వంకలు పెట్టేది మాత్రం వెంట వచ్చిన యర్రమ్మ.

“దీదీ, ఇది చూడండి. ఊచలన్నీ ఉక్కువే. తుఫానొచ్చినా ఏం కాదు,” అంటూ లోపలి నుంచి ఓ పెద్ద నల్ల గొడుగు తెచ్చాడు.

“బరువు బయ్యా! ఈ గుంట చెయ్యి నొప్పెట్టదేటి?”

నూకరత్నం ఆ గొడుగు పట్టుకుని మెట్లు దిగింది. బయట సముద్రపు గాలి ఈడ్చి కొడుతోంది. గొడుగు విప్పి గాలికి ఎదురుగా నిలబడింది. గుడ్డ పటపటలాడింది. ఊచలు వంగాయి. అంతే, తిరగబడలేదు.

“బాగుంది కదా పిన్నీ!”

“ఏటి బాగుంది? పిడి సూడు, ఎంత వంకరో!”

“గొడుగు పిడి వంకరగానే ఉంటుంది దీదీ!” దుకాణదారు నెత్తి కొట్టుకున్నాడు. “నా సరుక్కి ఇన్ని పేర్లు పెడుతున్నారు, మరి మీ చేతిలోదేంటి?”

యర్రమ్మ చేతిలోది చిరుగులకు మాట్లు వేసిన పాత గొడుగు. విరిగిన ఊచను వల దారంతో కట్టుకుంది. చటుక్కున దాన్ని కొంగు చాటుకు లాక్కుంది.

“దీన్నేటి అనకు. రోజూ డాలీగంజ్ బడికి వంట పనికి ఇద్దరం దీని కిందే ఎల్తన్నాం. ఇంకో వానాకాలం ఆగుద్ది.” నూకరత్నం వైపు తిరిగింది. “పదే. మొదటి జీతం ఇలా తగలెట్టకు.”

పెళ్లయి ఈ ద్వీపానికి వచ్చినప్పటి నుంచి నూకరత్నం యర్రమ్మ మాట జవదాటలేదు. బజారులో హిందీ నేర్పింది ఆమే, బడిలో పని ఇప్పించింది ఆమే. ఈసారి మాత్రం వినలేదు. డబ్బిచ్చి ఆ నల్ల గొడుగే తీసుకుంది.

వాన మొదలైంది. యర్రమ్మ పాత గొడుగు విప్పుకుని, వెనక్కి కూడా చూడకుండా విసవిసా నడిచింది. నూకరత్నం పరుగెత్తి ఎదురుగా నిలబడి, కొత్త గొడుగు ఆమె తల మీద పట్టింది.

“పట్టుకో పిన్నీ. ఇది నీది.”

“నాదా?”

“నీకే కొన్నాను. ముందే సెప్తే ఒప్పుకోవని సెప్పలేదు. నీకు నచ్చింది కొందామని నిన్నే ఎంటబెట్టుకొచ్చినాను. ఈ వానలన్నిట్లో గొడుగు నా మీదకే వంచి నువ్వు సగం తడిసేవు. నాను సూడలేదనుకున్నావేటి?”

యర్రమ్మ వానలో తడుస్తున్న నూకరత్నం భుజం వైపు చూసింది. “మరి నీకేదే?” అంది.

“నాకు వేరే ఎందుకు? రోజూలాగే నీ పక్కన నడుస్తాను. ఇద్దరికీ సరిపోద్దనే ఇంత పెద్దది తీసినాను.”

యర్రమ్మ పాత గొడుగు మూసేసింది. కొత్తదాని పిడిని రెండు చేతులా పట్టుకుంది. ఆమె కళ్లు నిండిపోయాయి, పెదవుల మీద నవ్వు ఆగడం లేదు.

“ఎనక్కి పదే అమ్మీ, ఆ దుకాణం బయ్యాకి ఓ దండమెట్టొద్దాం,” అంది. “ఆడి గొడుగులన్నీ గట్టియే. నీకో గొడుగొచ్చేస్తే రేపట్నించి నాతో ఎవులు నడుస్తారని వంకలెట్టినాను!”