పంటినొప్పికి సెలవు లేదు

మేస్త్రి నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి.

సోఫాలు చేసే షాపుకి యజమాని అయ్యాక కూడా ఆయన ఆ అలవాటు మానలేదు. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే పెదవుల మీదికి తెచ్చి, రెగ్జిన్ మీద పెట్టి సుత్తితో దించుతూ పోతాడు. అక్కడ పనివాళ్ళందరిదీ అదే పద్ధతి. నోటి నిండా మేకులుంటే కబుర్లుండవని మేస్త్రి సిద్ధాంతం.

ఇంకో సిద్ధాంతం కూడా ఉంది. జ్వరమొస్తే సెలవిస్తాడు గానీ పంటినొప్పికి ఇవ్వడు. అది జబ్బు కాదు, సాకు అంటాడు. ఒకసారి ఎవరో దవడ పట్టుకుని వచ్చి అడిగితే, "మేకు కొట్టేది సుత్తితోనా, పంటితోనా?" అన్నాడు. అందరూ నవ్వారు. పాపం, అడిగినవాడూ నవ్వాల్సొచ్చింది. తర్వాత వాడు పనిలోకి రావడం మానేస్తే, ఎందుకని ఎవరూ అడగలేదు.

కవర్లు కుట్టడానికి కొత్తగా చేరినావిడ మాత్రం దేనికీ నవ్వదు. మిషను తొక్కుతూ మేస్త్రినే చూస్తూ ఉంటుంది. అది మంచి చూపు కాదని పనివాళ్ళు గుసగుసలాడుకునేవారు.

ఒకరోజు కుట్టు వంకర పోయిందని మేస్త్రి ఆమె మిషను మీదికి వంగి కేకలు మొదలుపెట్టాడు. పక్కన సోఫా కొనడానికొచ్చిన దంపతులున్నారు. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. కాసేపు ఏదో తేల్చుకోలేనట్టు కూర్చుని, చివరికి నోరు విప్పింది.

"మేస్త్రిగారూ, మీ చిగుళ్ళలోంచి చీము వస్తోంది. పళ్ళ డాక్టరుకి చూపించుకోండి."

సుత్తులు ఆగాయి. దంపతులు ఓ అడుగు వెనక్కి వేశారు. మేకులు నోట్లో పెట్టుకుని నవ్వడం ప్రమాదమే, అయినా ఇద్దరు నవ్వారు.

మేస్త్రి ఇంటికెళ్ళి అద్దం ముందు నోరు తెరిచాడు. తెరిచినంత వేగంగానూ మూసేశాడు. నా నోరు కంపు కొడుతోందా అని భార్య మీద ఎగిరాడు. ఆమె ఏళ్ళుగా అటు తిరిగే పడుకుంటోంది, ఆ సంగతి మాత్రం ఎత్తలేదు.

"నలుగురిలో నా పరువు తీసింది. నలుగురిలోనే దాని పరువు తీస్తా," అన్నాడు బావమరిదితో. షాపు వ్యవహారాలన్నీ చూసేది ఆ బావమరిదే.

మర్నాటి నుంచి పాత సోఫాలు విప్పే పని ఆమె నెత్తిన పడింది. దుమ్ము, ఎలుకల గూళ్ళు, తుప్పు పట్టిన స్ప్రింగులు. ఆమె కిక్కురుమనలేదు. అదే మేస్త్రికి పుండు మీద కారం చల్లినట్టయింది.

చివరికి అందరూ అన్నానికి లేచిన సమయం చూశాడు. ఖరీదైన బట్ట మీద ఆమె గీసి పెట్టుకున్న సుద్దగీత తుడిచేసి, జానెడు లోపలికి ఇంకోటి గీశాడు. ఆమె వచ్చి ఆ గీత మీదే కత్తిరించింది. బట్ట పాడైంది.

మేస్త్రి అందరినీ పిలిచి, వాళ్ళ ముందు ఆమెని తనివితీరా తిట్టాడు. వెళ్ళి పళ్ళ డాక్టరు దగ్గర పని చూసుకోమన్నాడు. ఈసారి అందరూ నవ్వారు. ఆయన కడుపు చల్లబడింది.

ఆమె గీత వంక చూసింది, ఆయన వంక చూసింది. కత్తెర బల్ల మీద పెట్టి బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"సాయంత్రాలు జ్వరం తగులుతోందా?"

తగులుతోంది. కొన్ని వారాలుగా తగులుతూనే ఉంది. మేస్త్రి ఎవరికీ చెప్పలేదు.

"ఆలస్యం చెయ్యకండి. ఆ చీము రక్తంలో కలిసి గుండె దాకా పోతుంది."

"శాపాలు పెడుతున్నావా? ఈ ఊళ్ళో నీకు పని ఎవడిస్తాడో నేనూ చూస్తా."

అన్నంత పనీ చేశాడు. సోఫాల షాపులు, టైలరు షాపులు అన్నీ తిరిగి, ఆమెకి చేతివాటం ఉందని చెప్పొచ్చాడు. జ్వరానికి మాత్ర వేసుకుని మరీ తిరిగాడు. పగ ఉన్నవాడికి ఓపిక ఎక్కణ్ణుంచైనా వస్తుంది.

ఓ మధ్యాహ్నం సోఫా మీద వంగినవాడు వంగినట్టే కూలిపోయాడు. నోట్లోని మేకులు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

కుళ్ళిన చిగుళ్ళలోని క్రిములు రక్తంలో దిగి, గుండె వాల్వు మీద కాపురం పెట్టి, దాన్ని తినేశాయని పెద్ద డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేసి బతికించారు. కానీ ఇక సుత్తి పట్టే బతుకు కాదు, మంచం దిగితే ఆయాసం. ముందే వచ్చి ఉంటే మందులతో పోయేది కదా, ఎవరూ చెప్పలేదా అని డాక్టరు అడిగాడు.

ఇంత జరిగినా మేస్త్రికి బుద్ధి రాలేదు, అనుమానం వచ్చింది. డాక్టర్లకే ఇప్పుడు తెలిస్తే దానికి అప్పుడే ఎలా తెలిసింది? అది తనకేదో మందు పెట్టింది. అదెవరో, ఎక్కడిదో కూపీ లాగమని బావమరిదిని పంపాడు. లేచాక దాని అంతు చూస్తానని పళ్ళు నూరాడు. చిగుళ్ళు సలిపాయి.

బావమరిది తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది బావా. ఎక్కడా పని దొరకలేదట."

"ముందే ఎలా తెలిసిందట?"

"వాళ్ళాయన పోయింది ఈ జబ్బుతోనేనట. మొదట పంటినొప్పి, తర్వాత సాయంత్రం జ్వరం. పక్కింటావిడ చెప్పింది." బావమరిది గొంతు తగ్గించాడు. "అసలు మన దగ్గర చేరిందే నీ మీద పగతోనట. నీ చిగుళ్ళు చూశాక ఇంకేం చెయ్యక్కర్లేదని తెలిసిందట. ఊరికే చూస్తూ కూర్చుంటే చాలు. కానీ అలా కూర్చోలేకపోయానని పక్కింటావిడ దగ్గర ఏడ్చిందట."

"నా మీద పగేంటి? నేనేం చేశాను దానికి?"

బావమరిది కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"మేకు కొట్టేది పంటితోనా అని ఒకణ్ణి నవ్వించి పంపావే, వాడి పెళ్ళాం బావా ఆవిడ."